లండన్‌ సీసాలో... గుత్తి సాలీడు!

గుత్తి అనగానే మనకు కోట గుర్తొస్తుంది. సాలీళ్లను ఇష్టపడే విదేశీయులకు మాత్రం నెమలికంఠం రంగులో మెరిసిపోయే ఓ సాలీడు గుర్తొస్తుంది. 1899లో ఒకే ఒక్క సాలీడును చూసి ఆ జాతికి పేరు పెట్టారు. నూట పాతికేళ్లు దాటినా ఆ జాతి మొత్తానికీ ఆ ఒక్కటే ఆధారం. విచిత్రమేమిటంటే... గుత్తిలో ఎంత వెతికినా అలాంటిది ఇంకొకటి దొరకలేదు!

అనంతపురం నుంచి ఉత్తరంగా యాభై కిలోమీటర్లు వెళ్తే గుత్తి. దారి పొడవునా ఎర్రనేలలు, వాన కోసం ఎదురుచూసే వేరుశెనగ చేలు, ఎవరో తీరిగ్గా పేర్చిపెట్టినట్లుండే రాతిగుండ్ల గుట్టలు. ఏడాదంతా కలిపినా 550 మిల్లీమీటర్లకు అటూఇటూగా కురిసే కరవు సీమ ఇది. పచ్చదనం అంటే చెరువు కింద నాలుగు మడులూ, గట్ల మీద వేప, కానుగ, తుమ్మ చెట్లూ. వాటన్నిటికీ పైన, నెత్తిన పాగా చుట్టుకున్నట్లుగా కొండ మీద కోట.

ఆ కోటకు చాలా కథలున్నాయి. మరాఠా సేనాని మురారిరావు ఘోర్పడే ఏలిన కోట అది. 1776లో హైదర్‌ అలీ ముట్టడించినప్పుడు లోపలున్నవాళ్లను లొంగదీసింది ఫిరంగులకన్నా నీటి కరవే. ఆ తర్వాత సీడెడ్‌ జిల్లాలను చక్కబెట్టిన సర్‌ థామస్‌ మన్రో 1827లో పత్తికొండ దగ్గర కలరాతో చనిపోతే, గుత్తికి తెచ్చి ఖననం చేశారు. నాలుగేళ్ల తర్వాత అస్థికలను మద్రాసుకు తరలించారు. మన్రో పేరు గుత్తిలో మిగిలింది, దేహం వెళ్లిపోయింది.

సరిగ్గా అలాంటి కథే ఇంకొకటి ఈ ఊరికి ఉంది. కాకపోతే అందులో నాయకుడు దొరగారు కాదు, ఎనిమిది కాళ్ల సాలీడు!

నీలాల రాణి

ఇంగ్లిషువాళ్లు రాసిన స్పెల్లింగు చూసి విదేశీయులు గుత్తిని ‘గూటీ’ అంటారు. ‘గూటీ టరాంటులా’, ‘గూటీ సఫైర్‌ ఆర్నమెంటల్‌’... ఇవన్నీ ఒకే సాలీడు పేర్లు. శాస్త్రీయ నామం ‘పోయిసిలోథీరియా మెటాలికా’. కాళ్లు చాపితే ఆరేడు అంగుళాలుంటుంది. ఒళ్లంతా మెరిసే నీలం. వీపు మీద తెల్లని ఆకు ముగ్గు. ముందుకాళ్లు ఎత్తితే అడుగున పసుప్పచ్చని పట్టీలు. ఆడవి పదేళ్లకు పైగా బతుకుతాయి, మగవాటికి మూడు నాలుగేళ్లే ఆయుష్షు.

ఆ నీలం వెనకా ఓ విశేషముంది. దాని ఒంట్లో నీలిరంగు పదార్థమేదీ లేదు. వెంట్రుకల్లోని అతి సూక్ష్మమైన పొరలు వెలుతురులోని నీలాన్ని మాత్రమే వెనక్కి పంపుతాయి. నెమలి ఈక మెరిసేది కూడా ఇలాంటి కిటుకుతోనే. ఇది గూడు అల్లి దోమల కోసం కాచుకునే రకం కాదు. పెద్ద చెట్ల తొర్రల్లో పగలంతా దాక్కుని, రాత్రిపూట బయటికొచ్చి పురుగుల మీద మెరుపులా దూకుతుంది. కరిస్తే మనిషి చనిపోయిన దాఖలా లేదు కానీ, నొప్పీ కండరాల పట్టివేతా మాత్రం తీవ్రంగా ఉంటాయి.

ఈ సాలీడును ప్రపంచానికి పరిచయం చేసినవాడు రెజినాల్డ్‌ ఇన్నెస్‌ పోకాక్‌. లండన్‌లోని బ్రిటిష్‌ మ్యూజియంలో సాలీళ్లూ తేళ్ల విభాగం చూసేవాడు. తర్వాత లండన్‌ జూకు అధికారిగా రెండు దశాబ్దాలు పనిచేశాడు. మన దేశం నుంచి సీసాల్లో వెళ్లిన సాలీళ్లను పరిశీలించి, కొత్తవనుకున్నవాటికి పేర్లు పెట్టి, 1899లో బాంబే నేచురల్‌ హిస్టరీ సొసైటీ పత్రికలో ప్రచురించాడు. వాటిలో ఒకటి గుత్తి నుంచి వెళ్లిన ఆడ సాలీడు. లోహంలా మెరుస్తోందని ‘మెటాలికా’ అన్నాడు. ఆయన చేతిలో ఉన్నది ఆ ఒక్కటే. అది లండన్‌లోనే ఉండిపోయింది. చీటీ మీద ఊరి పేరు- గుత్తి.

చేలో సర్వే రాయి

జీవశాస్త్రంలో అలాంటి సాలీడును ‘టైప్‌ స్పెసిమెన్‌’ అంటారు. మూల నమూనా అనుకోవచ్చు. ఒక్కటే ఉంటే దాన్ని ‘హోలోటైప్‌’ అంటారు. కొత్త జీవికి పేరు పెట్టడమంటే వర్ణన రాసి వదిలేయడం కాదు. ‘ఇదిగో, నేను పేరు పెట్టింది దీనికి’ అని ఒక దేహాన్ని చూపించడం కూడా. వర్ణనలో తప్పులుండొచ్చు. బొమ్మ సరిగ్గా రాకపోవచ్చు. రాసినాయన కన్ను మోసపోవచ్చు. రేపెప్పుడైనా తగువు వస్తే సాక్ష్యం చెప్పాల్సింది ఆ దేహమే.

టైప్‌ అంటే ఆ జాతిలో అన్నిటికన్నా అందమైనదనో, నిఖార్సైనదనో చాలామంది అనుకుంటారు. కాదు. రైతులకు దీన్ని అర్థం చేసుకోవడం తేలిక. పొలం గట్టు మీద సర్వే రాయి ఉంటుంది. ఆ చేలో ఉన్న రాళ్లన్నిటిలోకీ అది గొప్ప రాయేం కాదు. పంట ఎలా ఉందో, మట్టి ఎలాంటిదో దాన్ని చూసి చెప్పలేం. కానీ పక్కవాడితో పేచీ వస్తే గొలుసు పట్టుకుని కొలత మొదలుపెట్టేది దాని దగ్గర్నుంచే. రాయి పోతే పొలం ఎటూ పోదు, కానీ ఎక్కడిదాకా ఎవరిదో తేలదు. టైప్‌ పని కూడా అంతే. కాలు విరిగినదైనా, రంగు వెలిసినదైనా, పిల్లదైనా పర్లేదు. పేరును నేలకు బిగించి ఉంచితే చాలు.

నిజానికి స్పిరిట్‌లో ఏళ్ల తరబడి నానిన సాలీళ్లలో రంగులు సాధారణంగా నిలవవు. అందుకే నిపుణులు రంగును పెద్దగా పట్టించుకోరు. కళ్ల అమరిక, కోరల అడుగు పళ్లు, కాళ్ల మీది ప్రత్యేకమైన వెంట్రుకలు, ఆడవాటి జననాంగాల నిర్మాణం... ఇవి చూస్తారు. ఇప్పుడైతే పాత నమూనాల నుంచీ డీఎన్‌ఏ తీయడానికి ప్రయత్నిస్తున్నారు. పోకాక్‌ కాలంలో ఎవరూ ఊహించని ప్రశ్నలకు ఆ సీసా ఇప్పుడు జవాబు చెప్పగలదు. దాచిపెట్టినందుకు దక్కే ఫలితం అదే.

మనిషికీ ఉంది టైప్‌

మరి మనిషి జాతికి టైప్‌ ఎవరు? 1758లో ‘హోమో సేపియన్స్‌’ అని పేరు పెట్టిన స్వీడన్‌ శాస్త్రవేత్త కార్ల్‌ లిన్నేయస్‌ ఎవరి దేహాన్నీ చూపించలేదు. ‘నిన్ను నువ్వు తెలుసుకో’ అని మాత్రం రాసి ఊరుకున్నాడు. రెండొందల ఏళ్ల తర్వాత, 1959లో విలియం స్టెర్న్‌ అనే ఆంగ్ల వృక్షశాస్త్రవేత్త, ఆ లెక్కన లిన్నేయసే మనిషి జాతికి టైప్‌ అవ్వాలని తేల్చాడు. అలా మనందరి పేరుకూ ఆధారమైన దేహం స్వీడన్‌లోని ఉప్సలా చర్చిలో సమాధిలో ఉంది.

ఏనుగు కథ ఇంకా తమాషాగా ఉంటుంది. మన గుళ్ల ముందు కనిపించే ఆసియా ఏనుగుకు ‘ఎలిఫాస్‌ మాక్సిమస్‌’ అని పేరు పెట్టింది కూడా లిన్నేయసే. ఆయన ఆధారాల్లో ఒకటి స్టాక్‌హోమ్‌ మ్యూజియం సీసాలోని ఏనుగు పిండం. డీఎన్‌ఏ, ప్రొటీన్‌ పరీక్షలు చేసి చూస్తే అది ఆఫ్రికా ఏనుగు పిండమని తేలింది! 2013లో ఈ సంగతి బయటపెట్టిన పరిశోధకులు, లిన్నేయస్‌ పేర్కొన్న మిగతా ఆధారాలను వెతుక్కుంటూ ఇటలీలోని ఫ్లోరెన్స్‌ చేరారు. అక్కడ 1664లో జాన్‌ రే అనే ప్రకృతి శాస్త్రవేత్త చూసి రాసిన ఆసియా ఏనుగు అస్థిపంజరం ఇంకా భద్రంగా ఉంది. దాన్ని అసలైన టైప్‌గా ఎంపిక చేశారు. ఎవరో మూడున్నర శతాబ్దాలపాటు ఎముకలు దాచి ఉంచబట్టి మన ఏనుగు పేరు మన ఏనుగుకే మిగిలింది.

తెలుగునేలకూ ఈ చరిత్రలో పాత్ర ఉంది. విశాఖపట్నంలో పనిచేసిన వైద్యుడు పాట్రిక్‌ రస్సెల్‌ కోరమాండల్‌ తీరంలోని పాముల మీద 1796లో పెద్ద బొమ్మల పుస్తకం తెచ్చాడు. ఆయన పాములకు లాటిన్‌ పేర్లు పెట్టలేదు. ఇక్కడివాళ్లు చెప్పిన తెలుగు పేర్లనే ఇంగ్లిషు అక్షరాల్లో రాసుకున్నాడు. అందులోని ‘కాటుక రేకుల పొడ’కే మరుసటి ఏడాది జార్జ్‌ షా రస్సెల్‌ పేరు పెట్టాడు. అదే మనం రక్తపింజర అనే రస్సెల్స్‌ వైపర్‌. కట్లపాముల ప్రజాతి పేరు ‘బంగారస్‌’ కూడా ఆ పుస్తకంలోని తెలుగు ‘బంగారు’ నుంచి వెళ్లిందే. ఇలా బొమ్మను చూసి పేరు పెట్టినప్పుడు టైప్‌ ఏది? బొమ్మ కాదు, ఆ బొమ్మకు ఆధారమైన పామే అంటాయి జంతుశాస్త్ర నిబంధనలు. కాగితం ఎంత గొప్పదైనా దేహం తర్వాతే.

గుత్తిలో వెతికితే...

మళ్లీ గుత్తికొద్దాం. చీటీ మీద ఊరి పేరు ఉంది కదా, అక్కడికెళితే దొరుకుతుందనుకోవడం సహజం. తర్వాతి కాలంలో పరిశోధకులు గుత్తిలోనూ చుట్టుపక్కలా గాలించారు. ఒక్కటీ కనిపించలేదు. ఆలోచిస్తే కనిపించకపోవడమే సబబు. ఈ సాలీడుకు కావాల్సింది ముదురు చెట్లు, వాటికి లోతైన తొర్రలు, లోపల కాస్త చెమ్మ. గుత్తి గుట్టల మీద ఉన్నది బండరాయి, ముళ్లపొద. మండుటెండకు రాయి పెనంలా కాగుతుంది. తొర్ర కాదు కదా, నీడనిచ్చే మానే గగనం.

అలా వందేళ్లకు పైగా గడిచిపోయాయి. లండన్‌ సీసాలోనిది తప్ప ఇంకోటి అడవిలో కనిపించలేదు. చివరికి 2001లో దొరికింది. ఎక్కడ? గుత్తికి దాదాపు వంద కిలోమీటర్ల దూరంలో, నంద్యాల- గిద్దలూరు మధ్య నల్లమల అడవిలో. పోకాక్‌ పేరు పెట్టిన 102 ఏళ్లకు!

మరి అడవిలోది గుత్తికెలా వచ్చింది? జవాబు పట్టాల మీద ఉంది. మొదటి సాలీడు గుత్తి రైల్వే కలప యార్డులో దొరికిందని చెబుతారు. మద్రాసు- బొంబాయి మార్గంలో గుత్తి ముఖ్యమైన స్టేషను. పక్కనే గుంతకల్లు జంక్షన్‌. అక్కడి నుంచి నంద్యాల, గాజులపల్లి, దిగువమెట్ట, గిద్దలూరు మీదుగా నల్లమలను చీల్చుకుంటూ వెళ్లే రైలు మార్గం పంతొమ్మిదో శతాబ్దం చివరికే సిద్ధమైంది. అడవి కలప ఆ దారినే మైదానానికి దిగేది. ఏదో ఒక దుంగ తొర్రలో దాక్కున్న సాలీడు టిక్కెట్టు లేకుండా గుత్తి దాకా వచ్చేసిందని శాస్త్రవేత్తల అంచనా.

దిగిన చోటా, ఎక్కిన చోటా?

అయితే ఈ సాలీడు సొంతూరు ఏదనాలి? ఇది సరదా ప్రశ్న కాదు. టైప్‌ ఎక్కడ దొరికిందో ఆ చోటుకు ‘టైప్‌ లొకాలిటీ’ అని పేరు. ఆ జాతి గురించి ఏ అనుమానం వచ్చినా మళ్లీ అక్కడికే వెళ్లి చూడాలి.

జంతువుల పేర్ల వ్యవహారం చూసేది 1895లో ఏర్పడిన అంతర్జాతీయ కమిషన్‌. దాని నిబంధనావళి నాలుగో కూర్పు 2000 జనవరి 1 నుంచి అమల్లో ఉంది. ఇలాంటి ప్రయాణాల గురించీ అందులో రాసి ఉంది. జంతువు మనుషుల రవాణా వల్ల వేరే చోటికి చేరి అక్కడ పట్టుబడితే, దొరికిన చోటు కాదు, ఆ అసహజ ప్రయాణం మొదలైన చోటే టైప్‌ లొకాలిటీ అంటుంది 76వ అధికరణం. అంటే దిగిన స్టేషను కాదు, ఎక్కిన స్టేషను! రైలు కథ నిజమైతే, నిబంధన ప్రకారం ఈ సాలీడు ఊరు గుత్తి కాదు, నల్లమల.

కానీ ఏ కొండ? ఏ లోయ? ఏ చెట్టు? దుంగ మీద ఆ వివరం ఎవరూ రాయలేదు. చీటీ రాసినవారి తప్పూ లేదు. గుత్తిలో దొరికింది కాబట్టి గుత్తి అని నిజాయతీగా రాశారు. ‘కలప యార్డులో, ఫలానా అడవి నుంచి వచ్చిన దుంగలో’ అని ఇంకొక్క ముక్క ఉండి ఉంటే వందేళ్ల వెతుకులాట తప్పేదేమో. ఇప్పుడు ఏ చిన్న పురుగును సేకరించినా ఊరు, అక్షాంశ రేఖాంశాలు, ఎత్తు, తేదీ, ఏ చెట్టు మీద దొరికింది, ఎవరు పట్టారు... అన్నీ రాయాలని పట్టుబట్టడానికి కారణం ఇలాంటి అనుభవాలే.

పోతే ఏమవుతుంది?

లండన్‌లోని ఆ ఒక్క సీసా పగిలిపోతే? ఇది ఊరికే భయపెట్టే మాట కాదు. 1943 మార్చిలో బెర్లిన్‌ మీద పడిన బాంబులకు అక్కడి వృక్ష నమూనాల భాండాగారంలో లక్షల కొద్దీ కాలిపోయాయి. 2010 మే నెలలో బ్రెజిల్‌లోని బుటాంటాన్‌ సంస్థలో అగ్నిప్రమాదం జరిగి పాములు, సాలీళ్ల అపురూప సేకరణ నాశనమైంది. 2018 సెప్టెంబరు 2 రాత్రి రియో డి జనైరో జాతీయ మ్యూజియం తగలబడినప్పుడు కీటకాలూ సాలీళ్ల టైప్‌లు ఎన్నో బూడిదయ్యాయి.

అలా పోయినప్పుడు, ఆ పేరు విషయంలో గందరగోళం నిజంగా ఉంటే, కొత్త దేహాన్ని ఎంచి ‘నియోటైప్‌’గా నిలబెట్టొచ్చు. సర్వే రాయి పోతే మళ్లీ పాతినట్లు. కానీ దానికో షరతుంది. వీలైనంతవరకూ అసలు టైప్‌ దొరికిన చోటుకు దగ్గర్లోదే తీసుకోవాలి. గుత్తి సాలీడుకు ఆ రోజు వస్తే గుత్తి గుట్టల మీద ఏం దొరుకుతుంది? నల్లమలకే వెళ్లాలి. నల్లమలలో అప్పటికి సాలీడు ఉండాలి. సాలీడు ఉండాలంటే తొర్రలున్న చెట్లుండాలి.

అసలు చిక్కు అక్కడుంది. 2008లో అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సమాఖ్య- ఐయూసీఎన్‌- ఈ సాలీడును అత్యంత ప్రమాదంలో ఉన్న జాతుల జాబితాలో చేర్చింది. అప్పటికి తెలిసిన ఆవాసం వంద చదరపు కిలోమీటర్లకన్నా తక్కువ. కలప కోసం, వంటచెరకు కోసం చెట్లు కొట్టేయడం ఒక ముప్పు. అందానికి ముచ్చటపడి పెంచుకునేవాళ్ల కోసం పట్టుకుపోవడం ఇంకో ముప్పు. యూరప్‌, అమెరికాల్లో టరాంటులాలను కుక్కపిల్లల్లా పెంచుకునేవాళ్లున్నారు. వాళ్ల దగ్గర గుత్తి సాలీళ్ల సంతతి తరతరాలుగా పెరుగుతోంది. 2019 ఆగస్టులో జెనీవాలో జరిగిన ‘సైటీస్‌’ సమావేశం ఈ ప్రజాతి మొత్తాన్నీ రెండో అనుబంధంలో చేర్చింది. దాంతో దేశాలు దాటే వ్యాపారానికి అనుమతులు తప్పనిసరయ్యాయి.

పెంపుడు పెట్టెల్లో ఉన్నాయి కదా, అడవిలో లేకపోతే ఏం అనొచ్చు. పెట్టెలో పుట్టినదానికి ఊరు ఉండదు. ఏ కొండ నుంచి వచ్చిన తల్లి, ఏ జాతితో కలిసిన తండ్రి అనేది ఎవరూ రాసి ఉంచకపోతే అది శాస్త్రానికి సాక్ష్యం చెప్పలేదు. రేపు తూర్పు కనుమల్లో మరో కొండ మీద ఇలాంటి నీలి సాలీడే దొరికి, కొద్దిపాటి తేడా కనిపిస్తే, రెండిటిలో ‘మెటాలికా’ ఏది? కొత్త పేరు ఏది పెట్టుకోవాలి? ఏ అడవిని ముందు కాపాడాలి? జవాబు కోసం లండన్‌ సీసాలోని దేహాన్నీ నల్లమలలో బతికున్న వాటినీ పక్కపక్కన పెట్టి చూడాలి. రెండిటిలో ఏది లేకపోయినా లెక్క తేలదు.

కొత్తది దొరికితే...

మన కొండల్లో ఎవరికైనా ఓ కొత్త సాలీడు కనిపించిందనుకుందాం. ముందు అది నిజంగా కొత్తదేనా అని చూడాలి. అందుకు దగ్గరి జాతుల పాత వర్ణనలన్నీ చదవాలి. అవసరమైతే వాటి టైప్‌లు ఏ మ్యూజియంలో ఉన్నా పరిశీలించాలి. మన దేశపు జీవుల పాత టైప్‌లు చాలావరకూ లండన్‌లాంటి చోట్ల ఉండటం మన శాస్త్రవేత్తలకు ఎప్పుడూ ఉన్న ఇబ్బందే. ఇప్పుడు ఫొటోలు పంపించుకోవడం తేలికై కొంత నయం.

కొత్తదేనని తేలితే దొరికినవాటిలో ఒకదాన్ని హోలోటైప్‌గా ఎంచుకుని, చీటీ కట్టి, నంబరు వేయాలి. 2000 సంవత్సరం నుంచి ఇది ఐచ్ఛికం కాదు. ఏది టైపో, ఏ సేకరణలో ఉంటుందో వ్యాసంలో స్పష్టంగా రాయకపోతే ఆ పేరే చెల్లదు. మొక్కల విషయంలో టైప్‌ చూపించాలన్న నియమం 1958 నుంచే ఉంది. మన దేశంలో 2002 నాటి జీవవైవిధ్య చట్టం కూడా కొత్త జీవిని కనుక్కున్నవాళ్లు ఆ సంగతి గుర్తింపు పొందిన భాండాగారాలకు తెలియజేసి నమూనాను అప్పగించాలని చెబుతోంది. జంతువులకు అలాంటి పెద్ద దిక్కు 1916లో మొదలైన జువలాజికల్‌ సర్వే ఆఫ్‌ ఇండియా. అంటే ఇప్పుడు గుత్తిలో కొత్త సాలీడు దొరికితే దాని హోలోటైప్‌ సముద్రాలు దాటాల్సిన పనిలేదు.

ఇంకో మార్పూ వచ్చింది. ఒకప్పుడు చోటు వివరం తక్కువై ఇబ్బంది. ఇప్పుడు ఎక్కువైనా ఇబ్బందే! వ్యాసంలో అక్షాంశ రేఖాంశాలు అచ్చయితే, శాస్త్రవేత్తలకన్నా ముందు దొంగతనంగా పట్టుకునేవాళ్లు వాలిపోతున్నారు. అందుకే గిరాకీ ఉన్న జీవుల విషయంలో చాలామంది ఖచ్చితమైన చోటును అచ్చులో చెప్పడం మానేశారు. మ్యూజియం రికార్డులో రాసి ఉంచుతారు, అర్హులు అడిగితే చూపిస్తారు. సాలీడు ఊరు పేరు రాయాలి, కానీ ఊరంతా చాటకూడదు.

టైప్‌లలో ఎన్ని రకాలో!

హోలోటైప్‌: పేరు పెట్టినప్పుడు ఎంచుకున్న ఒకే ఒక్క నమూనా. పేరు దీనికే కట్టుబడి ఉంటుంది. గుత్తి సాలీడుది ఇదే.

పారాటైప్‌: హోలోటైప్‌తోపాటు పరిశీలించినట్లు రచయిత పేర్కొన్న మిగతా నమూనాలు. తోడే కానీ పేరు మీద హక్కు లేదు.

సింటైప్‌: పాతకాలంలో ఒక్కదాన్ని ఎంచకుండా కొన్నిటిని కలిపి పేరు పెట్టేవారు. అప్పుడు అవన్నీ సమానమే.

లెక్టోటైప్‌: సింటైప్‌ల గుంపులోంచి తర్వాత ఎవరైనా ఎంపిక చేసిన ఒక్కటి. ఫ్లోరెన్స్‌ ఏనుగు ఇలాంటిదే.

నియోటైప్‌: పాతవన్నీ పోయాక, అవసరమైతేనే నిలబెట్టే కొత్త టైప్‌.

పేరు గుత్తిదే

నిబంధన ఏం చెప్పినా ‘గూటీ’ అన్న వాడుక పేరు ఇక మారేది కాదు. శాస్త్రీయ నామంలో గుత్తి లేకపోయినా ప్రపంచం దాన్ని ఈ ఊరి పేరుతోనే పిలుస్తోంది. ఎప్పుడూ చూడని ఖండాల్లో పిల్లలు గాజుపెట్టె ముందు కూర్చుని ‘గూటీ, గూటీ’ అంటున్నారు. గుత్తికి ఒక్కరోజు అతిథిగా వచ్చిన సాలీడు ఊరి పేరును మోసుకెళ్లింది.

ఆ పేరు నిలవాలంటే మాత్రం మూడూ ఉండాలి. లండన్‌లో సీసా, దాని మీద చీటీ, నల్లమలలో తొర్రలున్న చెట్లు. మొదటి రెండిటికీ తాళాలు, కాపలాదారులు ఉన్నారు. మూడోదాని భారం మన మీదే ఉంది.

గుత్తి వెళ్లాలనుకుంటే...

హైదరాబాద్‌- బెంగళూరు 44వ నంబరు జాతీయ రహదారి గుత్తి మీదుగానే వెళ్తుంది. ముంబయి- చెన్నై మార్గంలో గుత్తి రైల్వే జంక్షన్‌ ఉంది. స్టేషను నుంచి ఊరు కాస్త దూరం. కోట ఎక్కాలనుకునేవాళ్లు తెల్లవారగానే బయల్దేరితే మంచిది, నీళ్లు వెంట తీసుకెళ్లాలి. పైనుంచి చూస్తే పల్లంలో చేలూ రైలు పట్టాలూ బొమ్మ గీసినట్లు కనిపిస్తాయి. వీలున్నవాళ్లు అటునుంచి తాడిపత్రి వెళ్లి బుగ్గ రామలింగేశ్వర, చింతల వెంకటరమణ ఆలయాల శిల్పాలు చూసి రావచ్చు.

సాలీడు కోసమైతే గుత్తిలో వెతకొద్దు. నంద్యాల నుంచి గిద్దలూరు వెళ్లే రైల్లో కిటికీ పక్కన కూర్చుంటే చాలు, అది పుట్టిన అడవి కళ్లముందు కదిలిపోతుంది. అందులోకి దిగాలంటే మాత్రం అటవీశాఖ అనుమతి కావాలి. తొర్రలో చెయ్యి పెట్టడం, చెట్టు బెరడు చీల్చి చూడటం లాంటివి సాలీడుకూ మంచివి కావు, మనకూ మంచివి కావు.